భార్య సమ్మతి – శిక్షాస్మృతి

ఉప్పలగుప్తమునందలి యొక యిల్లాలు పోలీసుస్టేషను మెట్లెక్కి, తన భర్త తనను బలాత్కరించుచున్నాడని ఫిర్యాదు చేసినదనుకొందము. ఆమెకు పదునెనిమిదేండ్లు నిండినవి. కాపురము భర్తతోనే సాగుచున్నది. సబిన్‌స్పెక్టరు ఎంత దయగలవాడైనను ఆ నేరమును ఆ పేరుతో వ్రాసికొనజాలడు. పరపురుషుడు చేసినచో పదియేండ్లకు తక్కువ కాని కఠినశిక్షకు పాత్రుడగును. తాళి కట్టినవాడు చేసినచో అది బలాత్కారమే కాదు. 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 63వ సెక్షనునకు గల రెండవ మినహాయింపు ఇట్లు శాసించుచున్నది. ఆమె వలదన్నదా, ఏడ్చినదా, జ్వరముతో నున్నదా యను ప్రశ్న ఆ సెక్షను క్రింద పుట్టనే పుట్టదు.

కొట్టినచో గాయమునకు శిక్ష కలదు. క్రూరత్వమునకు 85వ సెక్షను కలదు. 2005 నాటి గృహహింసచట్టము లైంగికహింసను పేరుపెట్టి పేర్కొని, రక్షణోత్తర్వును పొందు మార్గము చూపినది. ఇవి స్వల్పములని మేమనము. కాని యే అపరాధము జరిగినదో ఆ అపరాధము పేరు మాత్రము చట్టము పలుకదు.

వివాహము పవిత్రమనియు, పడకటింటిలోనికి పోలీసులను పిలుచుట మన సంప్రదాయమునకు విరుద్ధమనియు పెద్దలు చెప్పుచుందురు. ఈ మినహాయింపు మన సంప్రదాయమునుండి వచ్చినదా యని ముందు విచారింపవలసి యున్నది. పదునేడవ శతాబ్దమున ఇంగ్లాండులో మాథ్యూ హేల్ అను న్యాయమూర్తి యొకడుండెను. పెండ్లినాడు భార్య తన్ను భర్తకు అర్పించుకొన్నది, ఆ యర్పణను తిరిగి తీసికొనజాలదని యతడు వ్రాసెను. అతడు మరణించిన అరువదియేండ్లకు, 1736లో, ఆ గ్రంథమచ్చుపడినది. 1837లో మెకాలే సిద్ధపరచిన శిక్షాస్మృతి ముసాయిదాలో ఆ భావమే చేరినది. 1860 నాటి చట్టములో స్థిరపడినది. మనువును, యాజ్ఞవల్క్యుని అడిగి ఎవ్వరును దీనిని వ్రాయలేదు. తెల్లదొర పెట్టెలో వచ్చిన సరకును మన తాతల సొత్తని కాపాడుకొనుచున్నాము. ఆ సరకు పుట్టిన ఇంగ్లాండే 1991లో దానిని త్రోసివేసినది. పొరుగున నున్న నేపాళమున అత్యున్నత న్యాయస్థానము 2002లోనే భర్తకు ఈ మినహాయింపు చెల్లదన్నది.

హేల్ సిద్ధాంతమును మన కోనసీమ రైతులు తమ దస్తావేజులతో పోల్చి చూడవచ్చును. చేపలచెరువును లీజుకిచ్చినపుడు గడువుండును, షరతులుండును, రద్దగు దారియు నుండును. కొబ్బరితోటను కౌలునకిచ్చిన ఆసామి, తోట నాది గనుక కౌలుదారుని యింటిలోనికి అర్ధరాత్రి చొరబడుదునన్నచో ఊరు నవ్వును. ఒకసారి వ్రేలిముద్ర వేసినంతమాత్రమున, గడువు లేక, షరతు లేక, రద్దు లేక బ్రతుకంతయు చెల్లు పత్రము మన రిజిస్ట్రారు కచేరీలలో ఏ దొంతిలోను దొరకదు. భార్య భూమి కాదు గదా. భూమికున్న పాటి రక్షణయైన ఆమె శరీరమునకు లేకపోవుట యేమి న్యాయము?

1890లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి యను బాలిక భర్త సంగమమువలన రక్తస్రావమై మరణించినది. ఆమె పదియేండ్లు దాటినదగుటచే భర్తపై బలాత్కారనేరము నిలువలేదు. తొందరపాటుచే తీవ్రగాయము కలిగించిన నేరమునకు ఒక సంవత్సరము శిక్షపడినది. ఆ దుఃఖమునుండియే 1891 నాటి సమ్మతివయశ్చట్టము పుట్టి, పదిని పండ్రెండు చేసినది. పరప్రభుత్వము మన గృహములలో జోక్యము చేసికొనరాదని బాలగంగాధర తిలకు మహాశయుడంతటివాడు ఆ బిల్లును ఎదిర్చెను. ఆ వాదమునకు నాడు గల బలము నేడు లేదు. చట్టము చేయునది మన పార్లమెంటే. గోదావరితీరముననే, 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారు వితంతువివాహము చేయించినపుడు సంప్రదాయము పేరిట లేచిన కోలాహలము నేడెవ్వరికి జ్ఞాపకమున్నది?

పండ్రెండు తరువాత క్రమముగా పదునైదైనది. 2017 అక్టోబరు 11వ తేదీన సుప్రీంకోర్టు దానిని పదునెనిమిదిగా చదువవలెనని తీర్పు చెప్పినది. క్రొత్త సంహిత దానినే గ్రహించినది. పదునేడేండ్ల భార్య విషయమున రాజ్యము పడకటింటిలోనికి ప్రవేశింపవచ్చును, పదునెనిమిదవ పుట్టినరోజున వెనుదిరుగవలెను. పవిత్రత ఆ యొక్క రాత్రిలో ఎక్కడినుండి వచ్చినదో మాకు బోధపడకున్నది.

శరీరముపై అధికారమెవరిదను మూలప్రశ్నను మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లోనే ఎత్తినది. సరిత కేసులో న్యాయమూర్తి పి.ఏ. చౌదరిగారు హిందూవివాహచట్టము 9వ సెక్షనును కొట్టివేసిరి. విడిపోయిన భార్య భర్తయొద్దకు తిరిగి రావలెనని కోర్టు డిక్రీ ఇచ్చుట, ఆమె దేహమునకు సంబంధించిన నిర్ణయమును ఆమెనుండి తీసి రాజ్యమునకిచ్చుటయే యని వారి తాత్పర్యము. 1984లో సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ తీర్పును అంగీకరింపలేదు. ఐనను వ్యక్తి స్వగోప్యతయు దేహస్వాతంత్ర్యమును ప్రాథమికహక్కులని సుప్రీంకోర్టు 2017లో ప్రకటించిన తరువాత, చౌదరిగారి తీర్పును మరల విప్పి చదువుకొనుట తెలుగువారికి గర్వకారణమే.

2013లో జస్టిస్ వర్మ సంఘము మినహాయింపును తొలగింపుమనెను, ప్రభుత్వము వినలేదు. 2022 మే 11వ తేదీన ఢిల్లీ హైకోర్టులో న్యాయమూర్తి రాజీవ్ శక్ధేర్ దానిని కొట్టివేయగా, న్యాయమూర్తి సి. హరిశంకర్ నిలుపుకొనిరి. ఆ యేటి సెప్టెంబరులో సుప్రీంకోర్టు గర్భస్రావచట్టము నిమిత్తము భర్త చేసిన బలాత్కారమును బలాత్కారముగానే లెక్కింపవలెనన్నది. అనగా ఆసుపత్రిలో ఒప్పుకొన్న మాటను శిక్షాస్మృతి ఒప్పుకొనదు. 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము, భార్య సమ్మతిని ఉల్లంఘించు హక్కు భర్తకు లేదని యంగీకరించుచునే, దానికి బలాత్కారమని పేరిడుట మితిమీరిన కాఠిన్యమని అఫిడవిట్ దాఖలు చేసినది.

అబద్ధపు కేసులు వచ్చునను భయమును మేము పరిహసింపము. వరకట్నకేసులలో ముసలి అత్తమామలను కోర్టులచుట్టు త్రిప్పుటను గ్రామములలో చూచినవారి మాట యది. నాలుగు గోడల నడుమ జరిగినదానికి సాక్ష్యము కష్టమనుటయు నిజమే. కాని యీ కష్టమునకు దారి మన చట్టములోనే కలదు. విడిగా నివసించు భార్యను భర్త బలాత్కరించినచో న్యాయసంహిత 67వ సెక్షను రెండునుండి ఏడేండ్లవరకు శిక్ష విధించుచున్నది. నాగరికసురక్షాసంహిత 221వ సెక్షను ప్రకారము, భార్య స్వయముగా ఫిర్యాదు చేసి, ప్రథమదృష్టిలో నేరమున్నదని కోర్టు తృప్తిపడిననే విచారణకు గైకొనవలెను. ఏడేండ్లలోపు శిక్షగల నేరములకు యాంత్రికముగా అరెస్టు చేయరాదని 2014లో సుప్రీంకోర్టు విధించిన నియమములు దీనికిని వర్తించును. పక్కింటివాడు పగతో పెట్టు కేసునకు ఇక్కడ తావులేదు.

అట్లయిన వేరింట నున్న భార్యకు గల పరిహారము ఒకే కప్పుక్రింద నున్న భార్యకు ఏల లేదు? పుట్టింటికి పోగలిగినదానికి రక్షణ. పిల్లలకొరకు, అన్నముకొరకు ఆ యింటనే పడియున్నదానికి శూన్యము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, లైంగికహింసకు గురియైతిమని చెప్పిన వివాహితస్త్రీలలో నూటికి ఎనుబదిరెండుగురు ప్రస్తుతభర్తనే చూపిరి. వారిలో ఎందరికి విడిపోవు స్తోమతు గలదో మనకు తెలియనిదా?

మినహాయింపును తీసివేసి, విడిగా నున్న భార్యకు ఏర్పరచిన ఆ ఫిర్యాదుపద్ధతినే అందరు భార్యలకును వర్తింపజేయుట మాకు తోచిన మార్గము. శిక్షయెంత యుండవలెనో పార్లమెంటు తర్కించుగాక. అమలాపురము న్యాయవాదసంఘమువారు 63, 67 సెక్షనులను ప్రక్కప్రక్కన పెట్టి, మండలకేంద్రములలో తెలుగున చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. సభకు మగవారిని పిలుచుట మరువరాదు.