కంటి కదలికల సవరణ

చూపు ఒక చుక్క మీదే నిలిపినా కనుగుడ్డు నిలవదు. వణుకుతుంది, జారుతుంది, ఉన్నట్టుండి గెంతుతుంది. లేజర్ స్కానర్ రెటీనాను వరస తర్వాత వరసగా చదువుతుంది కాబట్టి, ఆ గెంతుకు తిన్నని రక్తనాళం కూడా విరిగినట్టు పడుతుంది. రెటీనాలోని శంకు కణాలను విడివిడిగా చూపే పద్ధతి అయిన అడాప్టివ్ ఆప్టిక్స్‌కు ఇది పెద్ద అడ్డంకి.

అందుకే ఒక ఫ్రేమును ఆధారంగా పెట్టుకుని, మిగతావాటిని సన్నటి పట్టీలుగా విడదీసి, ఏ పట్టీ ఎంత జరిగిందో కంప్యూటర్‌తో లెక్కగట్టి స్థానంలో కూర్చుతారు. ఆధార ఫ్రేమే వంకరైతే ఆ వంకర అన్నిటికీ అంటుకుంటుంది. అసలు చిక్కు ఇక్కడే.

కంటి పొరలను కొలిచే చోటా ఈ కదలికల బెడద ఉంటుంది. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థతో కలిసి, కంటి పొరలను అడ్డంగా కోసినట్టు చూపే ఓసీటీ స్కాన్ చిత్రాల నుంచి, రెటీనా వెనక ఉండే కొరాయిడ్ అనే రక్తనాళాల పొర మందాన్ని కంప్యూటరే కొలిచే పద్ధతిని 2015లో ప్రచురించారు. ఇలాంటి కొలతల్లో కనిపించే తేడా జబ్బుదా, కంటి కదలికదా అన్నది ముందు తేలాలి.