గెలాక్సీల ఎదుగుదలకు కళ్లెం వేసే కృష్ణబిలాల జెట్‌లు

పెర్సియస్ గెలాక్సీ సమూహం మన నుంచి దాదాపు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులోని గెలాక్సీల మధ్య కోట్ల డిగ్రీల వేడి గల వాయువు నిండి ఉంది. ఎక్స్-కిరణాల రూపంలో శక్తిని కోల్పోతూ ఆ వాయువు చల్లారాలి. చల్లారి, మధ్యనున్న ఎన్‌జీసీ 1275 గెలాక్సీలోకి చేరి, ఏటా వందలాది సూర్యులకు సరిపడా నక్షత్రాలను పుట్టించాలి. వాస్తవంలో అందులో కొద్ది భాగమే జరుగుతోంది.

భారత సంతతి శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న నాసా వారి చంద్రా టెలిస్కోప్ దీనికి కారణాన్ని చూపింది. గెలాక్సీ కేంద్రంలోని కృష్ణబిలం నుంచి వెలువడే జెట్‌లు వాయువులో పెను బుడగలను సృష్టిస్తున్నాయని, వాటి నుంచి ధ్వని తరంగాలు వ్యాపిస్తున్నాయని 2003లో వెల్లడైంది. కృష్ణబిలం నుంచి ఏదీ బయటపడదు కదా అన్న సందేహం సహజమే. అయితే జెట్‌కు పదార్థం అందేది దాని లోపలి నుంచి కాదు, వెలుపల సుడి తిరుగుతున్న వేడి వాయువు నుంచి.

దీన్ని సూపర్ కంప్యూటర్‌లో అనుకరించడం తేలిక కాదు. ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం వెడల్పు సుమారు 4 వేల కోట్ల కిలోమీటర్లు. అంటే కాంతి సంవత్సరంలో వెయ్యింట నాలుగు వంతులు. జెట్‌ల ప్రభావమేమో లక్షల కాంతి సంవత్సరాల మేర ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే విశ్వ అనుకరణలో ఇమడ్చలేరు. అందుకే జెట్ పుట్టుకను లెక్కించకుండా, కృష్ణబిలం మింగే పదార్థంలో ఎంత శక్తి తిరిగి వాయువుకు అందుతుందో ఒక సూత్రంగా ముందే నిర్ణయిస్తారు. ఇలస్ట్రిస్ టీఎన్‌జీలో ఆ తోపు ప్రతిసారీ యాదృచ్ఛిక దిశలో ఉంటుంది. సింబాలో రెండు ఎదురెదురు దిశల్లో, సెకనుకు దాదాపు 8 వేల కిలోమీటర్ల వేగం వరకు ఉంటుంది.

రెండింటిలోనూ పెద్ద గెలాక్సీల్లో నక్షత్రాల పుట్టుక దాదాపు నిలిచిపోతుంది. కానీ గెలాక్సీ నుంచి వాయువు ఎంత దూరం చెదిరిపోతుందన్న దానిపై అవి ఏకీభవించవు. ఇది చిన్న తేడా కాదు. కృష్ణ పదార్థం ఎక్కడెక్కడ గుమిగూడిందో కొలిచే సర్వేల ఫలితాలు ఈ వాయువు పంపిణీపై కూడా ఆధారపడతాయి. కాబట్టి నక్షత్రాల లెక్క సరిపోయినంత మాత్రాన నమూనా నిజమని చెప్పలేం.

యూరప్‌లోని లోఫార్ రేడియో టెలిస్కోప్ గుర్తించిన పోర్ఫిరియన్ అనే జెట్‌ల జంట వివరాలు 2024 సెప్టెంబరులో వెలువడ్డాయి. వాటి మొత్తం పొడవు 2.3 కోట్ల కాంతి సంవత్సరాలు. అవి ఏ గెలాక్సీ నుంచి వచ్చాయో తేల్చడంలో పుణే సమీపంలోని జీఎంఆర్‌టీ పరిశీలనలు తోడ్పడ్డాయి. ఇంత దూరం సాగే జెట్‌లను అనుకరణల్లోని సూత్రాలు ఇంకా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.