సంకర విత్తనపు గుట్టు – సాగుదారు తెలిసికొనవలసిన సంగతులు

కృష్ణా, గోదావరి ప్రాంతములలో విత్తనముల కంపెనీలకు సంకర మొక్కజొన్న మొదలగు విత్తనములను పండించి ఇచ్చు రైతులు పెక్కుమంది కలరు. మామూలు పంటకన్న ఇందు రాబడి హెచ్చు. అయితే చిక్కులును హెచ్చే. వానిలో ఒక చిక్కును గురించి మా ఇబ్రహీంపట్నము రైతులు తరచుగా అడుగుచున్నారు. దానిని ఇక్కడ వివరించుచున్నాము.

సంగతి ఇట్లుండును. ఒక రైతు కంపెనీతో ఒప్పందము చేసికొని విత్తనపు పంట వేయును. కంపెనీ తరఫున పొలమునకు వచ్చి సలహాలు చెప్పుచుండిన ఉద్యోగి ఒకడు ఆ కొలువు మాని వేరొక కంపెనీలో చేరును. మరుసటి యేడు అతడే వచ్చి, "బాబాయ్, సంచిలో మిగిలిన మగ గింజలు నాకివ్వండి. కిలోకు మీరడిగిన ధర ఇస్తాను" అని అడుగును. తెలిసిన మనిషి, పైగా నాలుగు డబ్బులు వచ్చు బేరము. ఇచ్చిన తప్పేమి?

గుట్టు ఎక్కడున్నది?

సంకర విత్తనము రెండు వేర్వేరు వంగడముల కలయికవలన పుట్టును. మొక్కజొన్నలో ఆడ వరుసలు, మగ వరుసలు వేరువేరుగా నాటుదురు. నాలుగు ఆడ వరుసలకు ఒక మగ వరుస వేయు పద్ధతి సామాన్యముగా వాడుకలో కలదు. ఆడ మొక్కల జల్లును పుప్పొడి రాలకమునుపే పెరికివేయుదురు. అప్పుడు మగ వరుసల పుప్పొడియే ఆడ కంకులపై పడి సంకర గింజ కట్టును. ఇతర మొక్కజొన్న పొలములకు కనీసము 200 మీటర్ల ఎడముండవలెనని చెప్పుటకు కారణము ఇదే. ప్రత్తిలో ఈ పనిని చేతితో చేయుదురు. సాయంత్రము ఆడ మొక్కల మొగ్గలలోని పుప్పొడి తిత్తులను తీసివేసి, మరునాటి ఉదయము మగ పూల పుప్పొడిని అద్దుదురు. ప్రపంచములో మొదటి వాణిజ్య సంకర ప్రత్తి 1970లో గుజరాతులో విడుదలయిన హెచ్-4.

అంగడిలో కొనిన సంకర గింజను మరల విత్తినచో పంట ఏకరీతిగా రాదు, దిగుబడి తగ్గును. కనుక దానిని దాచుకొని ఎవరును కంపెనీకి పోటీ కాలేరు. తల్లిదండ్రి వంగడములు రెండును చేజిక్కినవానికి మాత్రము ఆ సంకరమును ఏటేటా తయారుచేయుట సులభము. పది పన్నెండేండ్ల పరిశోధనాఫలము ఒక చిన్న సంచిలో ఇమిడియుండును. ఆ సంచి మన రైతు కొట్టములో ఉండును. గుట్టు అక్కడనే ఉన్నది.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన పేటెంటు చట్టము (1970) 3(జె) సెక్షను ప్రకారము మొక్కలకు, విత్తనములకు పేటెంటు లేదు. వంగడముల రక్షణకు 2001లో వంగడముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము వచ్చినది. ఈ చట్టము క్రింద నమోదయిన పంట వంగడమునకు 15 సంవత్సరముల వరకు రక్షణ లభించును. అయితే ఏడాదికి మించి అమ్మకములో ఉన్న సంకరపు జనక వంగడములను క్రొత్తవిగా నమోదు చేయుటకు వీలులేదని 2014లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పినది. అందుచేత జనక వంగడములను గుట్టుగా కాపాడుకొనుట కంపెనీలకు మరింత ముఖ్యమైనది.

వ్యాపార రహస్యములకై ప్రత్యేక శాసనము లేని కారణమున, అట్టి శాసనము కావలెనని లా కమిషను 2024 మార్చిలో తన 289వ నివేదికయందు సిఫారసు చేసినది. అట్టి శాసనము లేనిచోట కోర్టులు ఒప్పందమును, నమ్మకద్రోహమునకు సంబంధించిన సూత్రములను బట్టి విచారించును. మూడు ప్రశ్నలు ముఖ్యము. ఆ సంగతి లోకమునకు తెలియనిదా? నమ్మి అప్పగించినదా? అనుమతి లేక వాడినారా?

కొలువు మానిన ఉద్యోగికి చేతులు కట్టివేయుట కూడ న్యాయము కాదు. కాంట్రాక్టు చట్టము (1872) 27వ సెక్షను ప్రకారము, మనిషి తన వృత్తి చేసికొనకుండ నిర్బంధించు ఒప్పందము సామాన్యముగా చెల్లదు. కొలువులో ఉన్నంతకాలము ఇతరులకు పనిచేయరాదను షరతును 1967లో సుప్రీంకోర్టు సమర్థించినది. కొలువు మానిన తరువాత కూడ కట్టడి చేయు షరతులను మాత్రము కోర్టులు సులభముగా ఒప్పుకొనవు. జల్లు ఎప్పుడు పెరుకవలెనో, నీరెప్పుడు పెట్టవలెనో అను నేర్పు అతని సొత్తు. దానిని ఎక్కడికైనను తీసికొనిపోవచ్చును. కంపెనీ గింజలు, వంగడముల గుర్తులున్న కాగితములు, రైతుల జాబితాలు మాత్రము అతనివి కావు.

కంపెనీలు అడిగినదెల్ల కోర్టులు ఒప్పుకొనుట లేదు. సంకర ప్రత్తి జనక వంగడముల విషయమున ఎమర్జెంట్ జెనెటిక్స్ ఇండియా అను కంపెనీ తన మాజీ ఉద్యోగులపై దావా వేసినది. జన్యు క్రమముపై తమకు కాపీరైటు కలదనియు, రహస్యము అపహరింపబడినదనియు వాదించినది. జన్యు క్రమము ప్రకృతిలో ఉన్నదే గాని ఎవరి రచనయు కాదని ఢిల్లీ హైకోర్టు 2011లో చెప్పి, కంపెనీ కోరిన తాత్కాలిక నిషేధాజ్ఞను నిరాకరించినది.

రైతుకు ముప్పు ఎట్లు?

2001 చట్టము 39వ సెక్షను రైతుకు గొప్ప హక్కు ఇచ్చినది. తన పంటను, విత్తనమును సైతము, దాచుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. రక్షిత వంగడపు విత్తనమును బ్రాండు పేరుతో మాత్రము అమ్మరాదు. కాని ఈ హక్కు తన పంటకు సంబంధించినది. ఒప్పందముపై కంపెనీ అప్పగించిన మూలవిత్తనము, "మిగిలినది తిరిగి ఇచ్చెదను" అని వ్రాసి పుచ్చుకొనినది, వేరు విషయము. దానిని పరులకు అమ్మినచో ఒప్పందభంగము క్రింద నష్టపరిహారము అడుగవచ్చును. భారతీయ న్యాయ సంహిత (2023) 316వ సెక్షను క్రింద నమ్మకద్రోహపు ఫిర్యాదు కూడ రావచ్చును. ఈ హక్కు తెలియక చేసిన రైతుకు 2001 చట్టపు 42వ సెక్షను కొంత రక్షణ ఇచ్చును గాని, వేలిముద్ర వేసి ఒప్పుకొనిన షరతు తెలియదనుట కష్టము. వేరొక కంపెనీ ఉద్యోగి కోర్టులో ఎటో బయటపడగలడు. అతనికి వకీలు ఖర్చులు పెట్టువారుందురు. రైతుకు ఎవరు పెట్టుదురు?

ఏమి చేయవలెను?

1. ఒప్పందపత్రము తెలుగులో అడిగి చదివించుకొనవలెను. ఖాళీ కాగితముపై సంతకము చేయరాదు. ఒక ప్రతి తప్పక మీవద్ద ఉండవలెను.

2. ఆడ, మగ విత్తనములను తూకము వేసి, తేదీతో రసీదు తీసికొనవలెను. మిగిలినవానిని తూచి అప్పగించి, దానికిని రసీదు పొందవలెను.

3. పుప్పొడి పని ముగిసిన తరువాత మగ వరుసలను ఎవరు కోయవలెనో, ఆ గింజ ఎవరిదో ముందే వ్రాయించుకొనవలెను.

4. పొలమునకు వచ్చిన మనిషిని, పాత పరిచయస్థుడైనను, ప్రస్తుతము ఏ కంపెనీవాడో అడుగవలెను. గుర్తింపు కార్డు చూడవలెను.

5. విత్తనము మొలవకపోయినను, కంపెనీ ధర ఎగవేసినను, ఆ కోపముతో మూలవిత్తనము అమ్ముకొనరాదు. అట్లు చేసినచో న్యాయమైన మీ ఫిర్యాదు బలహీనపడును. వ్యవసాయశాఖకు వ్రాతమూలకముగా తెలుపవలెను.

మరియొక సంగతి. తాతలనాటినుండి కాపాడుకొనుచున్న నాటు వంగడము మీవద్ద ఉన్నచో, దానిని రైతు వంగడముగా 2001 చట్టము క్రింద రుసుము లేకుండ నమోదు చేయించుకొనవచ్చును. గుట్టు కంపెనీలకే కాదు, రైతుకును ఉండవచ్చును.

విత్తనపు సాగు గ్రామములలో ఒప్పందములు వ్రాయుకాలమున గ్రామాధికారులు, వ్యవసాయ సహాయకులు ఈ షరతులను రైతులకు చదివి వినిపించిన ఎంతో మేలు జరుగును. సంచి మూతి విప్పకమునుపు చెప్పిన మాట, దావా పడిన తరువాత చెప్పిన వేయి మాటలకన్న విలువైనది.

– వ్యవసాయాధికారి, ఇబ్రహీంపట్నము