దిగే వేళ మాట తేడా

1990 జనవరి 25 రాత్రి న్యూయార్క్‌లో వాతావరణం అస్సలు బాగాలేదు. కొలంబియా నుంచి 158 మందితో వస్తున్న ఏవియాంకా 52 విమానాన్ని దారిలో మూడు చోట్ల ఆపి గాలిలోనే చక్కర్లు కొట్టించారు. అంతా కలిపి గంటా 17 నిమిషాలు. మూడో చోట ఇంకా ఆగాలన్నప్పుడు కో-పైలట్ రేడియోలో ‘మాకు ప్రయారిటీ కావాలనుకుంటా’ అన్నాడు. ఎంతసేపు ఆగగలరని కంట్రోలర్ అడిగాడు. ఐదు నిమిషాలకు మించి కుదరదని, అవసరమైతే వెళ్లాల్సిన బోస్టన్‌కు చేరేంత ఇంధనం ఇప్పుడు లేదని జవాబొచ్చింది.

విమానాన్ని తర్వాతి కంట్రోలర్‌కు అప్పగించినప్పుడు ఐదు నిమిషాల సంగతి చేరింది. ప్రయారిటీ, బోస్టన్ మాటలు మధ్యలోనే జారిపోయాయి. దాంతో ఆయన దాన్ని మామూలు విమానాల వరసలోనే పెట్టాడు.

కెనెడీ విమానాశ్రయంలో మొదటి ప్రయత్నం విఫలమైంది. గాలి వేగం ఉన్నట్టుండి మారడంతో విమానం దిగాల్సిన వాలు కంటే కిందికి జారింది. రన్‌వే కనబడక మళ్లీ పైకి లేపారు. అత్యవసర పరిస్థితి అని చెప్పమని కెప్టెన్ స్పానిష్‌లో కో-పైలట్‌కు చెప్పాడు. కో-పైలట్ మాత్రం ఇంగ్లిష్‌లో, ఏ దిశకు తిరగాలో తిరిగి చెబుతూ, ఆ వాక్యం చివర ‘మళ్లీ ప్రయత్నిస్తాం, ఇంధనం అయిపోతోంది’ అని కలిపాడు. చెప్పావా అని కెప్టెన్ అడిగితే, చెప్పేశానన్నాడు. విమానాన్ని ఈశాన్యంగా 15 మైళ్లు తీసుకెళ్లి తిప్పుతాను, మీకూ మీ ఇంధనానికీ ఫర్వాలేదా అని కంట్రోలర్ అడిగాడు. ‘ఫర్వాలేదనుకుంటా, చాలా థ్యాంక్స్’ అన్నది జవాబు. కొద్ది నిమిషాల్లోనే ఇంజన్లు ఆగిపోయాయి. లాంగ్ ఐలాండ్‌లోని కోవ్ నెక్ దగ్గర విమానం కూలి 73 మంది చనిపోయారు. మంటలు రాలేదు, రావడానికి ట్యాంకుల్లో ఇంధనం ఉంటే కదా!

తప్పంతా ఆ కో-పైలట్ మొహమాటం మీదికి తోసేయడం తేలిక. నాకది సగం న్యాయమే అనిపిస్తుంది. వాన రాత్రి ఒకే ఫ్రీక్వెన్సీ మీద వరసగా విమానాలను దింపుతున్న మనిషికి, ‘ఇంధనం అయిపోతోంది’ అనేది చాలామంది నోట వినిపించే మాటే. ప్రయారిటీ అంటే కంట్రోలర్ ఏం చేసి తీరాలో అప్పట్లో స్పష్టంగా రాసి లేదు. దర్యాప్తు చేసిన అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ సిబ్బందిని తప్పుపడుతూనే, ఇంధన పరిస్థితిని చెప్పడానికి అందరికీ ఒకేలా అర్థమయ్యే మాటలు లేకపోవడాన్నీ కారణాల్లో చేర్చింది. 2012లో అంతర్జాతీయ నిబంధనల్లో ఆ మాటలు ఖాయమయ్యాయి. ‘మినిమం ఫ్యూయెల్’ అంటే ఇక ఆలస్యాన్ని భరించలేమని. దిగేసరికి చివరి నిల్వకు, అంటే జెట్ విమానాలకైతే 30 నిమిషాల ఇంధనానికి, చెయ్యి పడుతుందని తేలితే ‘మేడే’ అని మూడుసార్లు చెప్పి ‘ఫ్యూయెల్’ అనాలి.

ఇక వినికిడి సంగతి. ఈ రేడియోలో ఒకరు బటన్ నొక్కి మాట్లాడితే మిగతావాళ్లు ఆగాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే వినేవాళ్లకు కీచుమనే మోతే మిగులుతుంది. అందుకే ఎత్తు, దిశ, రన్‌వే అంకెలను పైలట్ తిరిగి చెప్పాలి, హోటల్లో సర్వర్ మన ఆర్డర్‌ను అప్పజెప్పినట్టు. దీన్నే రీడ్‌బ్యాక్ అంటారు. అయితే అప్పజెప్పింది చెవి పెట్టి వినేవాడు కూడా ఉండాలి. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్‌లో దిగబోతున్న ఫ్లయింగ్ టైగర్ సరుకు విమానానికి కంట్రోలర్ ‘టూ ఫోర్ జీరో జీరో’కి, అంటే 2,400 అడుగులకు, దిగమన్నాడు. కాక్‌పిట్‌లో మొదటి ‘టూ’ అంకెలా కాక, అలాగే పలికే ఇంగ్లిష్ మాట ‘టు’లా, అంటే ‘400కి’ అనే అర్థంలో వినబడింది. ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అని తిరిగి చెప్పారు కూడా. కంట్రోలర్ దాన్ని పట్టుకోలేదు. విమానం కొండను ఢీకొంది, నలుగురు సిబ్బందీ పోయారు. తాను చెప్పిందే వస్తుందని ఎదురుచూసే చెవికి తప్పు అంకె కూడా ఒప్పుగానే వినబడుతుంది.

అంకె సరిగ్గానే అందినా గండం తప్పని సందర్భం మన దేశంలోనే ఉంది. 1996 నవంబర్ 12న ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు. ఎదురుగా 14,000 అడుగుల్లో సౌదీ బోయింగ్ 747 వస్తోందనీ హెచ్చరించారు. కజక్ విమానంలో రేడియో మాట్లాడేది ఒకరు, నడిపేది వేరొకరు. రేడియో ఆపరేటర్‌కు తన ముందు ఎత్తు చూపే సాధనమే లేదు. విమానం 15,000 దాటి కిందికి వచ్చేసింది. అప్పటి ఢిల్లీ రాడార్ ఎత్తును చూపదు కాబట్టి కంట్రోలర్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు. చర్ఖీ దాద్రీ పొలాల మీద రెండు విమానాలూ ఢీకొని 349 మంది చనిపోయారు.

ఆ తర్వాతే మన దేశంలో విమానాలకు టీకాస్ తప్పనిసరి అయింది. ఎదురొచ్చే విమానాన్ని అది తానే పసిగట్టి, ఎక్కమనో దిగమనో పైలట్‌కే నేరుగా చెబుతుంది. కంట్రోలర్ ఒకటి, టీకాస్ మరొకటి చెబితే? 2002లో జర్మనీలోని యూబర్‌లింగెన్ మీద సరిగ్గా అదే జరిగి 71 మంది పోయారు. ఒక విమానం యంత్రం మాట వింది, రెండోది మనిషి మాట వింది. రెండూ కిందికే దిగి ఢీకొన్నాయి. అలాంటప్పుడు టీకాస్ మాటే వినాలని నిబంధనలు తేటతెల్లంగా రాసింది దాని తర్వాతే.