కార్డుకు గ్రేడు వేయించడం ఎప్పుడు లాభం?



శిడ్లఘట్ట మార్కెట్టులో పట్టుగూళ్లను చూసి, చేత్తో తడిమి, ఆ తర్వాతే పాట పాడతారు. మంచి గూటికి ఒక ధర, డాగుపడిన గూటికి ఇంకో ధర. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులకూ, పిల్లలు దాచుకునే పోకెమాన్ కార్డులకూ ఇలాగే స్థితిని బట్టి ధర పలుకుతుంది. అక్కడున్న మీ మనవడు "తాతా, ఈ కార్డును గ్రేడింగుకు పంపిస్తాను" అన్నాడనుకోండి. ఆ ఖర్చు పెట్టవచ్చో లేదో మీరే చెప్పగలగాలి కదా!

గ్రేడింగు కంపెనీ ముందుగా కార్డు అసలుదా, నకిలీదా అని చూస్తుంది. తర్వాత నాలుగు సంగతులు పరీక్షిస్తుంది. బొమ్మ సరిగ్గా నడుమ ఉందా? మూలలు నలిగాయా? అంచులు చెదిరాయా? పైన గీతలు, మరకలు ఉన్నాయా? వీటిని బట్టి 1 నుంచి 10 లోపు ఒక అంకె వేసి, కార్డును గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేస్తుంది. కార్డులకు ఈ పని చేసే పీఎస్‌ఏ కంపెనీ 1991లో మొదలైంది. నాణేలకు అంతకుముందే, 1980లలోనే, ఈ పద్ధతి వచ్చింది.

ఇక లెక్కకు వద్దాం. ఒక కార్డు ఉన్నదున్నట్టు అమ్మితే 20 డాలర్లు వస్తుందనుకుందాం. రుసుము, తపాలా, బీమా కలిసి 30 డాలర్లు. పదో గ్రేడు వస్తే 150 పలకవచ్చు. తొమ్మిది వస్తే 45 మాత్రమే అనుకోండి. 50 డాలర్ల సరుకు 45కు అమ్మినట్టయింది! చాలామంది పది వస్తుందన్న ఆశతోనే లెక్క వేసుకుంటారు. మీరు ఎనిమిదికి లెక్క వేయండి. అప్పటికీ నష్టం లేకపోతేనే పంపించండి. మన దేశం నుంచి పంపేవారు రానుపోను ఖర్చు, కస్టమ్స్ కూడా కలుపుకోవాలి.

నకిలీలు ఎక్కువగా తిరిగే ఖరీదైన పాత కార్డుకు గ్రేడు తక్కువ వచ్చినా, అసలుదన్న ముద్రే విలువ తెస్తుంది. లక్షల్లో అచ్చయిన కొత్త కార్డుకు ఆ ఖర్చు సాధారణంగా దండగ. అమ్మే ఉద్దేశం లేని జ్ఞాపకానికి మంచి ప్లాస్టిక్ తొడుగు చాలు.

పంపేముందు కార్డును కత్తిరించడం, రంగు పూయడం చేయకండి. అది తెలిస్తే కంపెనీ గ్రేడు వేయదు. అయితే కంపెనీ కన్ను కూడా తప్పవచ్చు. సిగరెట్టు పెట్టెలతో వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 1991లో 4,51,000 డాలర్లకు అమ్ముడుపోయింది. దానికి ఎనిమిదో గ్రేడు పడింది. దాన్ని అంతకుముందు అమ్మిన వర్తకుడు, అంచులు తానే కత్తిరించానని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు.

అందుచేత పెట్టెమీది అంకెతో పాటు లోపలి కార్డునూ చూడండి. మనం బంగారం కొనేటప్పుడు ముద్ర చూసి ఊరుకోం, తూకమూ చూస్తాం. ఇక్కడా అంతే.