దుబాసీకి ప్రమాణం ఉంది.. ప్రమాణాలేవీ?

రైస్‌మిల్లులో జరిగిన కొట్లాట కేసు విచారణకు వచ్చిందనుకుందాం. బీహార్ నుంచి వలస వచ్చిన హమాలీ సాక్షి బోనులో నిలబడి 'హమ్ గయే థే' అన్నాడు. న్యాయస్థానం భాష తెలుగు. ఆ మాటను 'నేను వెళ్లాను' అని చెప్పాలా? 'మేం వెళ్లాం' అని చెప్పాలా? బీహార్ ప్రాంతంలో 'హమ్' అనే పదాన్ని ఒక్కరు తమ గురించి చెప్పుకోవడానికీ, పదిమంది గురించి చెప్పడానికీ వాడతారు. ఒక్కడే వెళ్లాడా, గుంపుగా వెళ్లారా అన్నది చిన్న తేడా కాదు. ఐదుగురు, అంతకు మించి నేరం చేయాలన్న ఒకే ఉద్దేశంతో చేరితే అది చట్టవిరుద్ధ సమూహమవుతుంది. అప్పుడు చేయి చేసుకోనివారికి కూడా శిక్ష పడవచ్చు. సాక్షి నోట వచ్చిన ఆ ఒక్క మాట ఏ అర్థంతో రికార్డుకెక్కుతుందన్నది పక్కన నిలబడిన దుబాసీ చేతిలో ఉంటుంది.

మరి ఆ దుబాసీకి ఉండవలసిన అర్హత ఏమిటి? సాధారణ క్రిమినల్ కేసుల విషయంలో మన విచారణ చట్టం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పదు.

చట్టం అడిగేది నిజాయతీనే

నిందితునికి తెలియని భాషలో సాక్ష్యం నమోదవుతుంటే, బహిరంగ న్యాయస్థానంలోనే అతనికి అర్థమయ్యే భాషలో వివరించాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 314వ సెక్షన్ అయింది. దుబాసీ ఉన్నది ఉన్నట్లు చెప్పి తీరాలన్న పాత 282వ సెక్షన్ ఇప్పుడు 317. సాక్షుల మాదిరిగానే దుబాసీ చేత కూడా ప్రమాణం చేయించాలని 1969 నాటి ప్రమాణాల చట్టం నిర్దేశిస్తోంది.

తప్పు చెబితే శిక్ష ఉంది. ప్రమాణం చేసిన దుబాసీ తాను నిజమని నమ్మని తర్జుమాను నిజమని చెప్పడం అబద్ధపు సాక్ష్యమే. న్యాయ విచారణలో అటువంటి నేరానికి ఏడేళ్ల వరకు జైలు. ఇక్కడే మెలిక ఉంది. 'తాను నమ్మని' అన్నది గమనించండి. భాష సరిగా రాక, తెలిసినంతలో నమ్మకంగా తప్పు చెప్పినవాడు ఈ నేరం కిందికి రాడు. అబద్ధాలకోరును పట్టుకునే చట్టం అసమర్థుడిని వదిలేస్తోంది. బోనులోని మనిషికి మాత్రం రెండింటివల్లా జరిగే నష్టం ఒకటే.

పైకోర్టుకు వెళితే సరిపోతుంది కదా అనుకోవడమూ అంత తేలిక కాదు. సాక్ష్యాన్ని తనకు తర్జుమా చేసి చెప్పలేదని మద్రాసు రాష్ట్రానికి చెందిన కేసులో ఒక నిందితుడు మొర పెట్టుకున్నాడు. అది సరిదిద్దదగిన క్రమలోపమేనని, దానివల్ల అన్యాయం జరగనప్పుడు విచారణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1966లో తేల్చింది. విచారణ సమయంలో అభ్యంతరం చెప్పకపోవడం కూడా అతనికి ప్రతికూలమైంది.

ఆదిలాబాద్ వైపు గోండి, కొలామీ, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలో సవర మాట్లాడే సాక్షుల విషయంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఈ మూడింటిలో ఏదీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. ఆ భాష తెలిసిన ఉద్యోగి, న్యాయవాది లేదా కానిస్టేబుల్ దొరికితే చాలునన్న పరిస్థితి ఏర్పడుతుంది. దర్యాప్తులో ఉన్న శాఖ మనిషే సాక్షి మాటకు అర్థం చెప్పడం ఎంతవరకు సబబో ఆలోచించవలసిన విషయం.

పిల్లల కేసుల్లో కొంత నయం

చిన్నారులపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ఇందుకు భిన్నం. 2020 నాటి నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం దుబాసీలు, అనువాదకులు, ప్రత్యేక ఉపాధ్యాయుల పేర్లతో రిజిస్టరు నిర్వహించాలి. దుబాసీకి బిడ్డ మాట్లాడే భాష, రాష్ట్ర అధికార భాష రెండూ వచ్చి ఉండాలి. అది మాతృభాష కావచ్చు, ప్రాథమిక స్థాయి వరకైనా చదివిన మాధ్యమం కావచ్చు, వృత్తిరీత్యానో నివాసంవల్లనో అబ్బినదీ కావచ్చు. సంజ్ఞా భాష చెప్పేవారికైతే గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం లేదా రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన సంస్థ నుంచి అర్హత ఉండాలి. ఏ పక్షంతోనైనా సంబంధముంటే ముందే వెల్లడించాలి. ఒక్క మాట చేర్చకూడదు, ఒక్క మాట వదలకూడదు.

ఇంతచేసీ మాట్లాడే భాషలకు పరీక్ష మాత్రం లేదు. ఇంట్లో గోండి మాట్లాడగలిగినంత మాత్రాన 'ముందస్తు బెయిలు', 'అడ్డ విచారణ' వంటి మాటలను ఆ భాషలో చెప్పగలరన్న భరోసా ఏముంది?

అమెరికా ఫెడరల్ న్యాయస్థానాలు 1978 నాటి చట్టం కింద దుబాసీలకు రాత, మౌఖిక పరీక్షలు పెట్టి ధ్రువీకరిస్తున్నాయి. అయితే ప్రస్తుతం ఆ పరీక్ష స్పానిష్‌కే పరిమితం. అక్కడి కోర్టుకెక్కిన తెలుగువారికి దొరికేది ఆ ధ్రువీకరణ లేని, ఇతర కొలమానాలతో ఎంపికైన దుబాసీయే. కక్షిదారుల సంఖ్య తక్కువగా ఉన్న భాషలకు పరీక్ష తయారు చేయడం ఖర్చుతో కూడిన పని. గోండి, సవరల విషయంలో మన ప్రభుత్వాలకూ ఈ చిక్కు తప్పదు.

సాక్షి చేయగలిగినది

వాంగ్మూలం పూర్తయ్యాక దాన్ని సాక్షికి చదివి వినిపించాలని నాగరిక్ సురక్షా సంహిత 313వ సెక్షన్ చెబుతోంది. నమోదైన భాష సాక్షికి రాకపోతే, తాను మాట్లాడిన భాషలోనో, తనకు అర్థమయ్యే భాషలోనో వివరించాలి. తాను అన్నది అది కాదనిపిస్తే అక్కడే చెప్పవచ్చు. న్యాయమూర్తి దిద్దించవచ్చు, లేదా ఆ అభ్యంతరాన్ని రికార్డులో రాసి ఉంచవచ్చు. దుబాసీ మాట అర్థం కాకపోయినా, అతను ఎదుటి పక్షానికి కావలసినవాడైనా న్యాయవాది ద్వారా ఆ రోజే న్యాయస్థానం దృష్టికి తేవాలి.