ఐదు కిలోబైట్లలో పుట్టిన అల్పపీడనం

తుపాను ఎటు పోతుందో చెప్పే కంప్యూటర్ మోడళ్ల గురించి అందరూ అడుగుతారు. గాలిలో అంత పెద్ద అలజడి అసలెలా మొలుస్తుందో చూపించిన మోడల్ సంగతి ఎవరూ ఎత్తరు. నాకు మాత్రం 1956లో వాతావరణ శాస్త్రవేత్త నార్మన్ ఫిలిప్స్ ప్రచురించిన ఆ లెక్క అంటేనే మోజు.

అమెరికాలో ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ కంప్యూటర్ మీద చేశాడాయన. దాని ప్రధాన మెమరీ ఐదు కిలోబైట్లు. ఇవాళ్టి వాట్సాప్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. ఉత్తర దక్షిణాలుగా పదివేల కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా ఆరువేల కిలోమీటర్ల మేర గళ్లు గీసుకుని, గాలిని రెండు పొరలుగా తీసుకున్నాడు. కొండల్లేవు, సముద్రాల్లేవు, వాన లేదు. దక్షిణాన వేడి పెట్టాడు, ఉత్తరాన చల్లార్చాడు, అంతే. మోడల్ కాలంలో 130 రోజులు గడిచాక, ఏవో అడ్డదిడ్డపు అంకెలతో ఆ గాలిని కాస్త కుదిపాడు.

సెలవు రోజుల్లో నేనూ ఆ సమీకరణాలను ల్యాప్‌టాప్‌లో నడిపిస్తుంటాను. చూడాల్సింది సమాన పీడనం ఉన్న చోట్లను కలిపే పీడన రేఖల్ని. తిన్నగా ఉన్న గీతలు ముందు ఒకచోట దక్షిణానికి కొద్దిగా వంగుతాయి. ఆ వంపుకు తూర్పున వెచ్చని గాలి పైకి లేస్తూ ఉత్తరానికి పోతుంది, పడమట చల్లగాలి దిగుతూ దక్షిణానికొస్తుంది. వెచ్చనిది లేచి చల్లనిది దిగితే విడుదలయ్యే శక్తే వంపును పెంచుతుంది. పెరిగిన వంపు ఇంకా గాలిని లాగుతుంది. కింది పొరలో చివరికి ఒక గీత చుట్టు తిరిగి తనను తానే కలుసుకుంటుంది. అల్పపీడనం! దాన్ని అక్కడ ఎవరూ పెట్టలేదు. 1947లో చార్నీ, 1949లో ఈడీ అనే వాతావరణ శాస్త్రవేత్తలు కాగితం మీద తేల్చిన సిద్ధాంతం ఇక్కడ కళ్ల ముందే జరుగుతుంది.

ఆ కుదుపు తర్వాత మోడల్ కాలంలో నెల తిరిగేసరికి ఫిలిప్స్ లెక్క అదుపు తప్పింది. కారణం 1959లో ఆయనే చెప్పాడు. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించినట్టే, గళ్లకు అందనంత చిన్న అలలు పెద్ద అలల వేషంలో దూరి, లేని శక్తిని పోగేస్తాయి. 1966లో మరో వాతావరణ శాస్త్రవేత్త అకియో అరకావా దానికి విరుగుడు కనిపెట్టాడు. నా దృష్టిలో మొదటి విజయం కంటే ఈ వైఫల్యమే ఎక్కువ నేర్పింది.

మన బంగాళాఖాతం తుపానులకు మాత్రం ఈ లెక్క చాలదు. ఉష్ణమండలంలో ఉత్తర దక్షిణాల మధ్య ఉష్ణోగ్రత తేడా స్వల్పం. సముద్రపు ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచే వేడే అక్కడ ఇంధనం. ఫిలిప్స్ మోడల్లో ఆ తడే లేదు. చలికాలంలో మధ్యధరా వైపు నుంచి వచ్చి పంజాబ్ గోధుమ చేలను తడిపే పశ్చిమ అలజడులు మాత్రం చాలావరకు ఫిలిప్స్ మోడల్లో పుట్టిన అల్పపీడనం జాతివే.